మూఢంల సినిమా

మూఢం పడ్డది. రెండు నెలలు లగ్గాలు లేవు.
బిజిలి జీను మీది జరీకి బూజు పట్టింది.
మా తాత దూది ఏకిండు, మా నాయిన టాంగా తోలిండు,
నేను పెండ్లిగుర్రం పెట్టుకున్న.
డీజే డబ్బాల మోతకు, పటాకులకు
చెవి గూడ కదపదని దానికి పేరు.

బడిపిల్లలకు ముప్పై రూపాయల టికెట్టని
మిర్యాలగూడ టాకీసుల బొమ్మల సినిమా ఏసిన్రు,
అడివి గుర్రం కథ.
ముబీనా నా చిటికెనేలు పట్టి గుంజుకపోయింది.
"గుర్రం ఉన్నోనివి, నువ్వు చూడకపోతే ఎట్ల నాయినా?"

తెర మీది గుర్రానికి చెమట రాదు.
ఈగలు ముసరవు. లద్దె ఎయ్యదు.
లాడం లేకున్నా బండల మీద నిప్పులు లేపుతది.
ఎవలో పక్కన కూసోని
ఒక్కొక్క ఎంటిక దువ్వినట్టు దాని జూలు.
నేను లెక్కలేసుకుంట కూసున్న:
గంతగనం ఉరికే గుర్రానికి ఉలువలెన్ని, దానా ఎంత,
బక్కెట్లు మోసేది ఎవరు?

గప్పుడు మనుషులొచ్చిన్రు, తాళ్లు తెచ్చిన్రు.
ఒకడు ఎక్కిండు, ఇసిరికొట్టింది.
ఇంకొకడు ఎక్కిండు, వాన్ని గూడ.
హాలంత సప్పట్లు. నేను గూడ కొట్టిన.
కొట్టినంక చేతులు చూసుకున్న.
కళ్లెం వారు ఒరుసుకొని కాయలు కాసిన చేతులు,
ఇరవై ఏండ్ల చేతులు,
ఎవరి దిక్కు కొట్టినయో నాకే తెల్వలె.

ఇంటర్వెల్ల బొబ్బెర గుడాల పొట్లం ఇప్పిన.
ముబీనా ముట్టలె.
"మన బిజిలి ఏ అడివిది?"
"టేషన్ కాడ పుట్టింది బిడ్డా, దాని తల్లి టాంగా గుర్రం."
"దాని తల్లికి తల్లి?"
లైట్లు ఆరినయి. బతికిన అనుకున్న.

తెల్లారి చూస్తే కొట్టంల గుంజ ఉన్నది,
గుంజకు పగ్గం ఉన్నది.
ముడి తెగలె, కోసినట్టు లేదు,
చిన్న ఏళ్లు చానసేపు తిప్పలపడి ఇప్పినట్టున్నది.
కొట్టడానికి చెయ్యి లేపి, గోడ మీది సున్నం గీకి దించిన.

కాలువ గట్టెంబడి ఎతికినం.
రైసుమిల్లుల ఊక కుప్పల ఎనుక ఎతికినం.
ముబీనా గుట్టల దిక్కే చూస్తది,
అటే పోయుంటదట,
సినిమాల గూడ గుట్టల దిక్కే పోయిందట.

ఫంక్షన్‌హాల్ గేటు ముంగట దొరికింది.
గేటుకు తాళం. లోపట కుర్చీలు ఒకదాని మీద ఒకటి.
బిజిలి తల దించి నిలబడ్డది,
పెండ్లికొడుకు ఎక్కేదాక కదలొద్దని
నేను నేర్పినట్టే, ఎడమ కాలు కొద్దిగ ముందుకేసి.
ఏ రాత్రి ఏళ నుంచో. పక్కన లద్దె ఎండింది.

బిడ్డ ఏడ్వలె. గేటును చూసింది, గుర్రాన్ని చూసింది.
"దానికి సినిమా చూపియ్యలేదు గద నాయినా,
దానికెట్ల తెలుస్తది?"

తొందరల కళ్లెం ఇంటికాడ మర్సిన.
ఒట్టి పగ్గం మెడకేసి గట్టు మీద నడిపిస్తున్న.
మిల్లు సైరన్ మోగింది.
పగ్గం చేతిలకెళ్లి జారింది.
ఉరికింది.
నలభై గజాలో, యాభయ్యో,
మట్టి లేసింది, మడిలకెళ్లి కొంగలు లేసినయి,
దువ్వని జూలు గాలికి ఒకదిక్కు వాలింది.
తూము కాడ ఆగి గరిక మేసింది.

ముబీనా అరచేతులు ఎర్రగయ్యేదాక
సప్పట్లు కొట్టింది.

సైరన్‌కు జడుసుకొని ఉరికిందని
నేను చెప్పలె.
ఇయ్యాల్టి దాక చెప్పలె.

మూఢం ఇంక పదొద్దులున్నది.
జీను దులపాలె.